కొట్టేసిన రెండు లైన్లు

గంగవానిపేట, భోగాపురం దగ్గర
ఆగస్టు 18

బెల్లానికి,

హాస్టల్లో పెట్టిన పేరు ఇంకా వదల్లేదా అని మూతి ముడవకు. మీ కొట్టు తలుపు తీస్తే ముందు తగిలేది బెల్లం వాసనేనని నువ్వే రాశావు. నువ్వు నన్ను రొయ్య అంటావు, నేను పడుతున్నాను కదా.

ఫోన్ చెయ్యొచ్చుగా అని అడిగావు. చేస్తే మీ అత్తగారు స్పీకరు పెట్టమంటారు. ఇక్కడ మా అత్త కూర్మమ్మ ఎండుచేపలు ఏరుతూ నా పక్కనే చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. ఇద్దరు అత్తల మధ్య మనమేం మాట్లాడుకుంటాం? ఉత్తరమే నయం. మీ ఇంట్లో చేతిరాత చదివే ఓపిక ఎవరికీ లేదు, మా ఇంట్లో చదువే లేదు.

అసలు సంగతి. మా ఆయన ఎర్రన్న మొన్న గురువారం గుజరాత్ వెళ్ళాడు, వెరావల్ బోట్ల మీదకి. మా పడవ ఇంజను పాడై ఏడాదైంది. మా పేట నుంచి ఈసారి ఇంకెవరూ వెళ్ళలేదు. కళింగపట్నం వైపు బోటు నడిపే సరంగు ఒకాయన పిలిచాడట, ఒక్కడే బయల్దేరాడు. వెళ్ళేముందు మా మావ నరసింగరావు ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. మావ పోయి పదకొండేళ్ళు. తెప్ప బోల్తా పడి, వల తాడు కాలికి చుట్టుకుని ఆయన కిందకి పోతుంటే పక్కనే ఈదుతున్నాడు మా ఆయన. అప్పటికి పంతొమ్మిదేళ్ళవాడు.

నీకు నవ్వొచ్చే కబురు ఒకటి. మా హరిబాబు లేడూ, మా ఆయనకి తమ్ముడి వరస, వాడు వల వదిలేసి సిమెంటు పనికి పోతున్నాడు. పసుపు టోపీ నెత్తిన పెట్టుకుని బస్సు దిగుతుంటే పేటంతా ఒకటే నవ్వు. గంగమ్మ పండక్కి వాణ్ణి ఘటం ముట్టుకోనివ్వలేదు. మా అత్తయితే, "సముద్రం మీద తిరిగినోడు ఊరోళ్ళ మేడలకి మట్టి మోస్తాడేటి? దానికన్నా సావడం మేలు" అని మొహం మీదే అనేసింది. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను. మా ఆయన మాత్రం నవ్వలేదు. గంజి సగం తాగి లేచిపోయాడు.

మీ కొత్త ఇల్లు ఎంతవరకు వచ్చింది? నా పెళ్ళికి ఎలాగూ రాలేదు. ఆయన మే నెలలో వస్తాడు, అప్పుడైనా వచ్చి మా మహారాజుని చూసి పో.

నీ రొయ్య
ఉష

*

విజయనగరం
సెప్టెంబరు 6

ఒసే రొయ్యా,

నీ ఉత్తరం ఉప్పు వాసన వేస్తోందని మా అత్తగారు కాంతం గారు రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చిచ్చారు. ఆవిడ ముక్కు అంత గొప్పది.

ఇల్లు కాదే, యుద్ధం. కింద కొట్టు, పైన రెండంతస్తులు. వెనకాల పాత పోర్షన్లో మేం దుమ్ము తింటూ ఉంటున్నాం. పొద్దున్నే పదిమంది కూలీలు దిగుతారు. వాళ్ళకి నీళ్ళ డ్రమ్ము వేరే, గ్లాసు వేరే. మా మావగారు భీమశంకరరావు గారు వాళ్ళెవర్నీ పేరు పెట్టి పిలవరు. అందరూ ఒరేయే. మేస్త్రీ గంగరాజు ఒక్కడే గంగరాజు. "కూలోడికి ఎత్తేటి, పల్లమేటి? ఆళ్ళు పుట్టడమే అలా పుడతారు" అంటారు మావగారు. చూస్తే నిజమేననిపిస్తుంది. సరుగుడు వాసాలు కట్టి, వాటి మీద ఒక చెక్క వేసుకుని, దాని మీద కాకుల్లా నిలబడి గోడ మెత్తేస్తారు. చూస్తే నాకే కళ్ళు తిరుగుతాయి, వాళ్ళు బీడీ కాల్చుకుంటారు.

అందులో ఒకడు మీ సముద్రం వైపు వాడే అనుకుంటా, యాస అలాగే ఉంది. మొన్న గాలివానకి సిమెంటు బస్తాల మీది పట్టా ఎగిరిపోతుంటే పరిగెత్తుకొచ్చి తాడుతో కట్టేశాడు. ఆ ముడి ఏం ముడో! ఎంత గాలి లాగితే అంత బిగుస్తుంది, ఒక కొస పట్టుకుని లాగితే చటుక్కున విడిపోతుంది. ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉంది, ఆ సగం వేలితోనే వేశాడు. పేరు నరసింగరావట. ముప్పై ఏళ్ళవాడికి అంత ముసలి పేరేంటో! మీ మావగారి పేరే కదూ? మీ వైపు పేర్లకి అంత కరువా?

ఎవరితోనూ మాట్లాడడు. నవ్వడు కూడా. ఏ ఊరని నేనూ అడగలేదులే, కూలీ మనిషితో మనకేం మాటలు.

మీ మహారాజు ఫోన్ చేశాడా?

నీ
రేఖ

*

గంగవానిపేట
సెప్టెంబరు 14

రేఖా,

ఉత్తరం అందింది. ఒంట్లో బాగోలేదు, కొంచెమే రాస్తాను.

ఆయన ఆదివారం ఫోన్ చేశాడు. "ఇక్కడ గాలి బాగా ఉన్నాది, సేపలు బాగానే పడతన్నాయి" అన్నాడు. వెనకాల ఏదో గడగడ తిరుగుతున్న చప్పుడు. ఏటది అంటే బోటు ఇంజను అన్నాడు. నేను కూడా, అవును, ఇంజనే అన్నాను.

మీ ఇల్లు ఎంత ఎత్తు? ఆ చెక్క మీద నిలబడేవాళ్ళ నడుముకి ఏమీ కట్టరా? మా హరిబాబు వాళ్ళకి బెల్టులు ఇస్తారట. వెనక కొక్కెం ఉంటుందట. మీరు కూడా తెప్పించకూడదా? మీ మావగారితో చెప్పు. నీ మాట వింటారు కదా. ఊరికే, మనసులో అనిపించి రాస్తున్నాను.

ఆ పనివాళ్ళు మధ్యాహ్నం ఏం తింటారు?

ఉష

*

విజయనగరం
అక్టోబరు 9

ఒసే ఉషా,

నీకేమైందే? నీ మొగుడు వెరావల్లో చేపలు పడుతుంటే నీకు మా కూలీల నడుముల మీద బెంగ పట్టుకుందా? ఏం తింటారని కూడా అడిగావు. చద్దన్నం, పచ్చిమిరపకాయ. నీ సముద్రం మనిషి మాత్రం ఎండుచేప కాల్చుకుంటాడు. ఆ వాసనకి మా అత్తగారు అతన్ని వీధి చివర కూర్చుని తినమన్నారు.

నీ కోసం అడిగాను. మావగారు నవ్వేశారు. "తాడు కట్టుకుని పనిచేస్తే గోడ ఎప్పటికి లేస్తాదమ్మా? ఆళ్ళు సర్కస్ వాళ్ళేటి?" అన్నారు. మా ఆయన చంద్రమౌళి, మేస్త్రీ చూసుకుంటాడులే అన్నాడు. మేస్త్రీని అడిగితే ఓనరు చూసుకోవాలమ్మా అన్నాడు. సరే, నేనూ పట్టుదల మనిషినే. హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళి రెండు బెల్టులు నేనే తెచ్చి గంగరాజు చేతిలో పెట్టాను. ఒకటి ఆ నరసింగరావుకే ఇమ్మన్నాను. సంతోషమా?

ఇప్పుడు విను, పగలబడి నవ్వుతావు. వాడు ఆ బెల్టు కట్టుకుని కొక్కెం తగిలించాడు. పావుగంట కాలేదు, మొహం అంతా చెమటలు. గబగబా విప్పేసి లోపల గోడకున్న మేకుకి తగిలించేశాడు. గంగరాజు తిడితే ఏమన్నాడో తెలుసా? "కట్టుకోను బాబూ, కట్టుకుంటే మునిగిపోతాను" అన్నాడట! "రెండో అంతస్తు మీద మునిగిపోడమేటిరా" అని పదిమందీ కిందా మీదా పడి నవ్వారు. అప్పట్నుంచి వాణ్ణి మునిగేవోడా అని పిలుస్తున్నారు. రెండో బెల్టు కట్టుకున్న కుర్రాణ్ణి "కొత్త పెళ్ళికూతురా, వడ్డాణం బాగుందే" అని ఏడిపిస్తే వాడూ తీసేశాడు.

చూశావా మరి? ఇచ్చినా వేసుకోరు. మావగారు అన్నదాంట్లో తప్పేం లేదు. వాళ్ళ ప్రాణం మీద వాళ్ళకి లేని తీపి మనకెందుకు?

నీ
రేఖ

*

గంగవానిపేట
అక్టోబరు 27

రేఖకి,

బెల్టులు తెచ్చినందుకు నీకు దణ్ణం పెడుతున్నాను. వేళాకోళం కాదు.

మొన్న శుక్రవారం విజయనగరం వచ్చాను. చిన్న పని. మీ ఇంటికి రావడానికి వీల్లేకపోయింది, ఏమీ అనుకోకు. సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేశాను.

ఇక్కడ హరిబాబుని ఒక సంగతి అడిగాను. మొదట్లో బెల్టు కడితే నీకూ అలాగే ఉండేదా అని. ఎందుకుండేదో చెప్పాడు. అది విన్నాక నీకు రాద్దామని కూర్చున్నాను.

▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬
▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬

పైన రెండు లైన్లు కొట్టేశాను. చదవాలని చూడకు. ఏదో పిచ్చి రాత.

ఒక్కటి మాత్రం అడుగుతాను. నువ్వు మేడ మీదకి వెళ్ళినప్పుడు ఆ మనిషిని ఏ ఊరని అడుగు. ఎందుకు కట్టుకోవని అడుగు. కూలీ మనిషే కావచ్చు, అడిగితే చెప్తాడేమో. నవ్వకుండా అడుగు.

ఉష

*

విజయనగరం
డిసెంబరు 3

ఉషా,

నెల దాటిపోయింది, జవాబు రాయలేదు. బయట గోడల పని, రంగులు, టైల్స్, మాఘంలో గృహప్రవేశం ముహూర్తం. నువ్వు అడగమన్నది అడగలేదు. రెండుసార్లు మేడ మెట్ల దాకా వెళ్ళాను. పదిమంది మగాళ్ళ మధ్య నిలబడి కూలీ మనిషిని నీదే ఊరని అడిగితే ఇంట్లో ఏమనుకుంటారోనని దిగొచ్చేశాను.

నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. నీ సముద్రం మనిషే. శనివారం పదకొండింటికి చెక్క జారింది. కింద పడ్డాడు. మేకుకి బెల్టు అలాగే వేలాడుతోంది.

ప్రాణం ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాడు. గంగరాజు అంబులెన్సుకి ఫోన్ చేశాడు, పావుగంట పడుతుందన్నారు. మావగారు ఆగనివ్వలేదు. ఆరోజు ధనిష్ఠ. ఇంట్లో మనిషి పోతే ఆరు నెలలు ఇంటికి తాళం వెయ్యాలి, మాఘం ముహూర్తం పోతుంది. "ముందు గుమ్మం దాటించండిరా" అని అరిచారు. ఇద్దరు చంకల కింద, ఇద్దరు కాళ్ళ దగ్గర పట్టుకుని ఇసక తెచ్చిన ఆటోలో ఎక్కించారు. ఎత్తినప్పుడు పెద్ద కేక వేశాడు. ఆ కేక తరవాత ఇంక మాట లేదు. నడుం విరిగినవాణ్ణి అలా ఎత్తకూడదని ఆస్పత్రిలో డాక్టరు గంగరాజుని తిట్టాడట. ఆదివారం తెల్లారేసరికి పోయాడు.

పోలీసులు వస్తే మావగారు ఆ బెల్టు చూపించారు. "మేం కొనిచ్చాం బాబూ, తాగేసి కట్టుకోలేదు" అన్నారు. అలాగే రాసుకున్నారు. నేను తెచ్చిన బెల్టే అది.

నరసింగరావన్న పేరు తప్ప ఇంకేమీ ఎవరికీ తెలీదు. మూణ్ణెల్లు మా గోడలకి మెత్తాడు, ఏ ఊరో ఒక్కరికీ తెలీదు. ఫోన్ పగిలిపోయింది. ఎవరూ రాలేదు. శవం ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. మీ వైపు వాడేమో, మీ పేటల్లో ఎవరైనా మనిషి కోసం వెతుకుతున్నారేమో కాస్త కనుక్కుంటావా? సగం వేలు గుర్తు చెప్పు.

నాకు అన్నం సయించడం లేదే.

రేఖ

*

గంగవానిపేట
డిసెంబరు 13

రేఖ గారికి,

కనుక్కున్నాను. వెతుకుతున్నది నేనే. అతను నా మొగుడు ఎర్రన్న.

మీ ఉత్తరం ఆరో తేదీన వచ్చింది. అప్పటికి ఆదివారం ఫోన్ రాలేదని ఆరు రోజులుగా ఎదురు చూస్తున్నాను. ఎండుచేపల చాప మీద నిలబడి చదివాను. మా అత్త, "ఏటే, ఎవుల ఉత్తరం" అని అడుగుతోంది. హరిబాబుని తీసుకుని బస్సెక్కాను. మీ వీధి మీదుగానే ఆస్పత్రికి వెళ్ళాం. మీ ఇంటికి గులాబి రంగు వేస్తున్నారు.

మొహం చూడక్కర్లేకపోయింది. వేలు చూశాను.

అతను నాకు వెరావల్ అని చెప్పాడు. మీ సెప్టెంబరు ఉత్తరం చదివిన రోజే అది అబద్ధమని తెలిసింది. ఆ ముడి మా ఇంటి ముడి. ఆ వేలు నా పెళ్ళికి ముందు ఇంజను బెల్టులో పోయింది. తండ్రి పేరు పెట్టుకున్నాడు, కూలి పనిలో తన సొంత పేరు వినబడి సిగ్గు అనిపించకుండా ఉండాలని కాబోలు. హరిబాబుని చూసి మేం నవ్విన రోజు గంజి సగంలో లేచిపోయిన మనిషి. నాకు తెలిసిందని తెలిస్తే మొహం చెల్లక ఇంకెక్కడికో పోతాడని భయపడ్డాను. అందుకే తెలియనట్టే ఉన్నాను. ఆదివారం ఆదివారం నోటి దాకా వచ్చేది, బెల్టు కట్టుకో అని. వెరావల్ బోటు మీద ఉన్నవాడికి బెల్టు కట్టుకోమని ఎలా చెప్పను?

అక్టోబరులో వచ్చానని రాశాను కదా. మీ ఇంటి ఎదురుగా మందుల షాపు అరుగు మీద కొంగు కప్పుకుని రెండు గంటలు కూర్చున్నాను. పైన ఉన్నాడు. సిమెంటుతో జుట్టు తెల్లబడిపోయి, అచ్చం మా మావలా ఉన్నాడు. ఒకసారి ఇటు తిరిగాడు. నేను మొహం తిప్పుకున్నాను. మీరు కూడా ఇంటి పక్క సందులోకి వచ్చి తువ్వాలు ఆరేసి వెళ్ళారు. ఇద్దర్నీ చూశాను, ఇద్దర్లో ఎవర్నీ పిలవలేదు.

ఇక్కడి సంగతి వినండి. మా అత్త శవాన్ని పేటలోకి తేనివ్వలేదు. "నా కొడుకు ఎరావల్లో సముద్రంలో పోనాడు. గంగమ్మ తీసుకుపోనాది. ఇంకో మాట ఎవులైనా అంటే నేను నూతిలో దూకుతాను" అంది. ఆస్పత్రి నుంచి అటే తీసుకెళ్ళి నేనూ హరిబాబూ ఆస్పత్రి మనుషులు ఇద్దరూ మట్టి చేశాం. ఇక్కడ ఒడ్డున అతనికి సముద్రంలో పోయినవాడికి చేసే మర్యాదలన్నీ చేశారు. పేటంతా ఏడ్చింది. ఘటం ముట్టుకోనివ్వని హరిబాబు ఆ గుంపు వెనకాల నిలబడి ఏడ్చాడు, అక్కడ నిజం తెలిసింది వాడికీ, నాకూ, మా అత్తకే.

హరిబాబు నన్ను కార్మికుల ఆఫీసుకి తీసుకెళ్ళాడు. అక్కడి ఆయన మంచివాడే. "నరసింగరావు పోయి పదకొండేళ్ళని రికార్డులో ఉన్నాదమ్మా. ఎర్రన్న పనిచేసినట్టు ఎక్కడా నేదు. పైగా తాగినట్టు రాసున్నాది. నన్నేటి సెయ్యమంటావు?" అన్నాడు. మీ ఉత్తరం చూపిస్తే, స్నేహితురాలి ఉత్తరం చెల్లదు, చూసినవాళ్ళు సంతకం పెట్టిన కాగితం కావాలన్నాడు.

అతను తాగడు. తండ్రి పోయినప్పట్నుంచి తాగలేదు. ఆ మాట ఒక్కటి చెరపాలి. నాకు డబ్బు వద్దు, మీ మావగారి మీద పగ వద్దు. మీరు ఒక కాగితం రాసివ్వండి. మా ఇంట్లో పనిచేశాడు, తాగి లేడు, ధనిష్ఠ అని అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా ఎత్తించారు అని, మీరు కళ్ళతో చూసినంతే. ఈ లోకంలో అతను మేడ మీంచి పడ్డాడని చెప్పగలిగిన అక్షరం మీ చేతిలోనే ఉంది. అది లేకపోతే అతను రెండు చోట్లా లేనట్టే. సముద్రంలోనూ పోలేదు, మీ ఇంట్లోనూ పోలేదు.

ఉష

*

విజయనగరం
జనవరి 20

ఉషా,

నన్ను గారు అన్నావు. అను, తప్పు లేదు.

ఐదు వారాల నుంచి ఈ ఉత్తరం రాసి చింపుతున్నాను. నీ ఉత్తరం మా ఆయనకి చూపించాను. చంద్రమౌళి చెడ్డవాడు కాదు, నీకు తెలుసు. చదివి తల పట్టుకున్నాడు. తరవాత, "కాగితం మీద పెడితే నాన్న జైలుకెళ్తారు, ఆయనకి డెబ్బై ఏళ్ళు" అన్నాడు. మావగారికి ఇంకా చెప్పలేదు. ఆయన గృహప్రవేశం శుభలేఖలకి పసుపు రాస్తున్నారు. శాంతి కూడా చేయించారు. పంతులుగారు ఆ చెక్క జారిన చోట నవధాన్యాలు చల్లారు.

నువ్వెందుకు చెప్పలేదే? ఒక్క ముక్క, అతను మా ఆయన అని ఒక్క ముక్క రాసుంటే నేను మేడెక్కి కాళ్ళు పట్టుకునైనా దింపేదాన్ని కదా! రాత్రీ పగలూ ఇదే అనుకుంటున్నాను. అనుకున్న ప్రతిసారీ ఇంకో మాట కూడా వస్తోంది. అతను నీ మొగుడు కాకపోయుంటే? నిజంగానే ఎవడో నరసింగరావు అయ్యుంటే? అప్పుడు నేనేం చేసేదాన్ని? ఏమీ చేసేదాన్ని కాదు. బెల్టు ఇచ్చాను కదా అని అన్నం తిని పడుకునేదాన్ని. ఇది నీకు రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

కాగితం రాశాను. దీంతో పెడుతున్నాను. చూసిందంతా ఉంది. తాగి లేడని, ధనిష్ఠ అని, ఇసక ఆటో, ఆ కేక, అన్నీ. కింద నా పేరు మాత్రం పెట్టలేదు. పెట్టలేనే. ఈ ఇంట్లో నేను బతకాలి. పేరు లేకపోయినా ఏమైనా పనికొస్తుందేమో ఆఫీసులో అడుగు.

నీ అక్టోబరు ఉత్తరం తీసి, కొట్టేసిన ఆ రెండు లైన్లు వెలుగుకి పెట్టి చూశాను. కాగితం చిరిగేలా కొట్టావు. ఏం రాశావే అక్కడ?

రేఖ

*

గంగవానిపేట
ఫిబ్రవరి 2

రేఖా,

నీ కాగితం వెనక్కి పంపుతున్నాను. ఆఫీసాయన చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తరవాత కింద ఖాళీ జాగా చూపించి, "ఇది ఎవులు రాసినట్టమ్మా?" అన్నాడు. పేరు లేని మనిషి కోసం పేరు లేని కాగితం. ఉంచుకో, గృహప్రవేశం రోజు ఎక్కడైనా పెట్టుకో.

నీ మీద కోపం వచ్చింది. ఇప్పుడు అదీ లేదు. నాకు ఎవరి మీదా ఏమీ లేదు. మొన్న ఒక కుర్రోడు సిమెంటు పనికి పోతానని వాళ్ళమ్మతో అంటే, "ఎర్రన్నని సూడు, సముద్రంలో మొగోడిలా పోనాడు" అని ఆవిడ వాడికి బుద్ధి చెప్పింది. నేను పక్కనే చేపలు ఆరేస్తున్నాను. నోరు తెరిచాను. మా అత్త నా వైపు చూసింది. మూసేశాను. వాడు వెళ్తే ఏదో ఒక పేరు పెట్టుకుని వెళ్తాడు.

ఆ రెండు లైన్లు అడిగావు. ఇవి.

"మా వాళ్ళకి చిన్నప్పట్నుంచీ చెప్తారే, ఒంటికి తాడు కట్టుకోకు, పడవ తిరగబడితే కట్టుకున్నవాడే మునుగుతాడని, అతని తండ్రి అతని కళ్ళ ముందే అలా పోయాడు. నీళ్ళలో తాడు చంపుతుంది, గాలిలో తాడు బతికిస్తుంది అని హరిబాబుకి వాళ్ళ ఇంజనీరు కూర్చోబెట్టి చెప్పాడట, అలాగే అతన్ని కూర్చోబెట్టి ఎవరైనా ఒక్కసారి చెప్పండి, అతను నా మొగుడు."

మొదట చివరి మూడు మాటలే కొట్టేశాను. మళ్ళీ చదువుకున్నాను. మిగతాది చదివినా నీకు తెలిసిపోతుందనిపించింది, కూలోడి పెళ్ళాన్నని. అప్పుడు మొత్తం కొట్టేశాను.

ఉష